‘చిప్ పోయింది’ అన్నమాట నమ్మే ముందు: పాత స్పెక్ట్రమ్, టీవీ గేమ్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ బాగుచేయడం గురించి

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. చెన్నై పెరంబూరులో మీ నాన్నగారి కొట్టు ఖాళీ చేస్తుంటే అటక మీద మూడు వస్తువులు దొరికాయి: డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ కంప్యూటర్, క్యాసెట్లు పెట్టి ఆడే టీవీ గేమ్, బిల్లులు కొట్టిన ఎప్సన్ ఎల్ఎక్స్-800 ప్రింటర్. స్పెక్ట్రమ్ ఆన్ చేస్తే టీవీలో నిలువు చారలు తప్ప ఏమీ రావడం లేదు. గేమ్ నల్లతెర చూపిస్తోంది. ప్రింటర్ కొడుతోంది గానీ ప్రతి లైనులో అక్షరాలకి అడ్డంగా సన్నటి తెల్లగీత వస్తోంది. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో చూపిస్తే ‘చిప్పులు పోయాయండీ, ఇప్పుడు దొరకవు, పాత సామాన్లవాడికి వేసేయండి’ అన్నారు. అది నిజమేనా, ఇవి బాగుపడతాయా అని మీ ప్రశ్న.

మీరు రాసిన లక్షణాలను బట్టి మూడూ బాగుపడే అవకాశం గట్టిగానే ఉంది. ఆ మెకానిక్ మిమ్మల్ని మోసం చేశాడని కూడా నేను అనను. ఆయన రోజూ చూసేవి ల్యాప్‌టాప్ బోర్డులు, ఫోన్లు. వాటిలో చిప్ పోతే బోర్డు మార్చేస్తారు. 1980ల నాటి వస్తువుల లెక్క వేరు. వాటిలో ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, ప్రతి కాలికీ మీటర్ ముల్లు తగులుతుంది. అనుమానించే వరస కూడా వేరు: ముందు కరెంటు సప్లై, తర్వాత కాంటాక్టులు, తర్వాత మెమరీ, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే ప్రాసెసర్ లాంటి పెద్ద చిప్పులు. చెన్నైలో అయితే కాంటాక్టులకి ఇంకో మెట్టు పైన చోటివ్వాలి. సముద్రపు గాలి, ఏడాది పొడుగునా తేమ. అటక మీద ఏళ్ల తరబడి ఉన్న వస్తువులో రాగి మీద పచ్చటి చిలుము, ఇనుము మీద తుప్పు లేకుండా ఉండడం అరుదు.

ఇక మళ్లీ ఆన్ చేసి చూడకండి, ముఖ్యంగా స్పెక్ట్రమ్‌ని. ‘ఒక్కసారి చూద్దాం’ అని స్విచ్ వేసినప్పుడల్లా లోపల బతికున్న మెమరీ చిప్పులు కూడా చచ్చే ప్రమాదం ఉంది. కారణం కింద చెబుతాను.

మూడింటికీ వర్తించేది ఒకటుంది. ప్లగ్గు పెట్టకుండానే మూత విప్పి లోపలికి టార్చి వేసి చూడండి. మన ఊళ్లలో పాత ఎలక్ట్రానిక్స్‌ని చంపేవాటిలో బల్లులు, చీమలు, బొద్దింకలు ముందుంటాయి. వెచ్చగా ఉంటుందని బల్లి పవర్ సప్లైలోకి దూరుతుంది, రెండు కాళ్లు రెండు చోట్ల ఆనిస్తుంది, అంతే. దాని రెట్ట కూడా బోర్డు మీది రాగిని తినేస్తుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, మరకలున్న చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కొట్లో అడిగేటప్పుడు ఐపీఏ అనండి, 99 శాతంది తీసుకోండి. నీళ్ల శాతం ఎక్కువున్న శానిటైజర్ లాంటివి వద్దు. 2015 డిసెంబరు వరదల్లోనో 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోనో మునిగిన వస్తువు అయితే తుడవడం చాలదు. బోర్డు విప్పి మంచినీళ్లతో కడిగి, ఆ నీళ్లు పోయేలా ఐపీఏతో మళ్లీ కడిగి, రోజుల తరబడి ఆరబెట్టాలి. నీళ్లకంటే అవి ఆరిపోయాక మిగిలిన ఉప్పు, బురదే ఎక్కువ హాని చేస్తాయి.

మెయిన్స్ కరెంటు లోపలికే వచ్చే వస్తువులతో, అంటే ప్రింటర్‌తో, పాత టీవీతో జాగ్రత్త. 230 వోల్టుల మెయిన్స్‌ని ఎస్ఎంపీఎస్ (వస్తువు లోపలి పవర్ సప్లై) లోపల డీసీగా మారిస్తే దాదాపు 325 వోల్టులవుతుంది. ప్లగ్గు తీసేశాక కూడా అది పెద్ద కెపాసిటర్‌లో నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ‘టప్’మనిపించడం మన మెకానిక్‌లకి సరదా. అలా చేయకండి. 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌ని రెండు కాళ్లకీ ఆనించి, మీటర్‌లో సున్నా దగ్గరికి వచ్చాకే చెయ్యి పెట్టండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ లాంప్ వాడండి, అంటే 60 లేదా 100 వాట్ల పాత రకం బల్బుని వరసలో కలిపి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండా వెలుగుతుంది, వస్తువు కాలదు. మన ఎలక్ట్రీషియన్లు ఎప్పటినుంచో వాడేదే. దీనికి ఎల్ఈడీ బల్బు పనికిరాదు. పిక్చర్ ట్యూబ్ ఉన్న టీవీ వెనకమూత మాత్రం విప్పవద్దు. అక్కడ వేల వోల్టుల సంగతి, అది తెలిసినవాళ్లకే వదిలేయాలి.

ఇప్పుడు స్పెక్ట్రమ్. మూడింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనదీ, మీరు ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సినదీ ఇదే. సింక్లెయిర్ కంపెనీ ఇంగ్లండులో 1982లో స్పెక్ట్రమ్‌ని, 1984లో గట్టి కీబోర్డుతో స్పెక్ట్రమ్ ప్లస్‌ని తెచ్చింది. దాన్నే మన దేశంలో పుణేకి చెందిన డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ డీబీ పేరుతో అమ్మింది. పైన ప్లాస్టిక్ మారినా లోపల బోర్డు 48కే (48 కిలోబైట్ల మెమరీ ఉన్న) స్పెక్ట్రమ్‌దే. కాబట్టి ప్రపంచంలో స్పెక్ట్రమ్ గురించి ఎవరు ఏం రాసినా మీదానికి పనికొస్తుంది.

చారలు వచ్చాయంటే మీరు దిగులుపడ్డారు గానీ నేను సంతోషించాను. తెరమీద బొమ్మ గీసేది యూఎల్ఏ అనే పెద్ద చిప్. అది ఈ యంత్రం కోసమే ప్రత్యేకంగా చేసింది, పాత భాగాల్లో దొరకడం నిజంగా కష్టమైనది అదొక్కటే. చారలైనా సరే టీవీలో నిలకడగా నిలబడ్డాయంటే ఆ యూఎల్ఏ పని చేస్తున్నట్టు, 14 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కొట్టుకుంటున్నట్టు, 5 వోల్టులు వస్తున్నట్టు. మీ అడాప్టర్ తిరగబడలేదని కూడా దాంతోనే తేలిపోయింది. ఇది చిన్న విషయం కాదు. స్పెక్ట్రమ్ పిన్నులో లోపలి భాగం మైనస్, బయటిది ప్లస్. ఇప్పుడు దొరికే అడాప్టర్లలో చాలావాటికి లోపల ప్లస్. అడాప్టర్ మీద ముద్రించిన చిన్న గుండ్రాల బొమ్మ చూడకుండా గుచ్చినవాళ్ల స్పెక్ట్రమ్‌లే రిపేరుకి ఎక్కువ వస్తాయి. అసలు అడాప్టర్ 9 వోల్టులు, 1.4 ఆంపియర్లు ఇచ్చేది. కొత్తది కొంటే కనీసం అంత కరెంటు ఇవ్వగలదీ, లోపల మైనస్ ఉన్నదీ చూసుకోండి.

మరి చారలెందుకు? స్పెక్ట్రమ్‌లో మెమరీ రెండు భాగాలు. మొదటి 16కే ఎనిమిది 4116 చిప్పుల్లో ఉంటుంది, మిగతా 32కే వేరే ఎనిమిదింటిలో. తెర మీది బొమ్మ దాచుకునేది మొదటి 16కేలోనే. ఒక్కో చిప్ ప్రతి బైటులో (ఎనిమిది బిట్ల గుంపులో) ఒక్కో బిట్ మాత్రమే దాస్తుంది. అందుకే ఒక చిప్ చెడితే అక్షరం పట్టే ప్రతి గడిలో ఒకే చోట నిలువు గీత వస్తుంది. గడిలో ఎడమ చివర వస్తే పై బిట్, కుడి చివర వస్తే కింది బిట్. చారలకి దగ్గరనుంచి తీసిన ఫొటో ఇప్పటికే ఉంటే (దానికోసం మళ్లీ ఆన్ చేయకండి), అందులో ప్రతి ఎనిమిది చుక్కలకి ఒకసారి వస్తున్నాయా, ఇంకా దట్టంగా ఉన్నాయా చూడండి. ఒకే సన్నటి గీత అయితే ఒకే చిప్. దట్టమైన చారలయితే ఎనిమిదీ ఒకేసారి చావవు కదా, వాటికి అందాల్సిన కరెంటు అందడం లేదని అర్థం.

అసలు తంటా అక్కడే. 4116 చిప్‌కి ఒక్క 5 వోల్టులు చాలవు. దానికి ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 5, మూడూ కావాలి. బయటినుంచి వచ్చేది 9 వోల్టులే కాబట్టి బోర్డు మీద ఒక చిన్న కాయిల్, టీఆర్4, టీఆర్5 అని రాసి ఉన్న రెండు ట్రాన్సిస్టర్లు కలిసి ఆ 12నీ మైనస్ 5నీ తయారు చేస్తాయి. ఆన్‌లో ఉండగా వెనక కనెక్టర్‌కి ఏదైనా తగిలించినా, పీకినా, అడాప్టర్ పిన్ను వంకరగా గుచ్చినా మొదట పోయేది టీఆర్4. అది పోతే మైనస్ 5 పోతుంది. మైనస్ 5 లేకుండా మిగతా రెండూ అందుతుంటే 4116 లోపల మండిపోవడం మొదలవుతుంది. ఇందాక ఆన్ చేయొద్దన్నది ఇందుకే.

కొలిచే పద్ధతి ఇది. ముందు కరెంటు లేకుండా, మీటర్‌ని ఓమ్‌లలో పెట్టి, ఏదైనా ఒక 4116 మీద 16వ కాలు గ్రౌండ్‌గా తీసుకోండి. 1వ కాలు మైనస్ 5, 8వది ప్లస్ 12, 9వది ప్లస్ 5. ఈ మూడింటిలో ఏదైనా గ్రౌండ్‌తో దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తే అక్కడ షార్ట్ ఉంది, ఆన్ చేయకూడదు. 12 వోల్టుల దగ్గర షార్ట్ కనిపిస్తే ఏదో ఒక 4116 లోపల కాలిపోయి మిగతా వాటిని కూడా లాగేస్తోందని అనుకోవాలి. షార్ట్ లేకపోతే అప్పుడు కొద్ది సెకన్లు ఆన్ చేసి వోల్టులు చూడండి. 5 అంటే 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. మైనస్ 5 బదులు సున్నా వస్తే వెంటనే ఆపేయండి.

మైనస్ 5 లేకపోతే టీఆర్4, టీఆర్5 రెండూ కలిపి మార్చండి, ఒకదాన్ని వదలొద్దు. టీఆర్4కి జెడ్‌టీఎక్స్650, టీఆర్5కి జెడ్‌టీఎక్స్213 అని అడగాలి. ఆ చేత్తోనే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ కొత్తవి వేసేయండి. అవి పడుకోబెట్టి రెండు చివర్లా కాళ్లున్న రకం. అవి దొరక్కపోతే నిలబడే రకం కొని కాళ్లు వంచి పెట్టుకోవచ్చు. ప్లస్, మైనస్ మాత్రం చూసుకోవాలి. మన ఎండకి, అటక వేడికి ఇన్నేళ్ల కెపాసిటర్ లోపల ఎండిపోయే ఉంటుంది. కెపాసిటర్లు, టంకం సీసం, ఫ్లక్స్, సాకెట్లు, 5 వోల్టులు నిలకడగా ఇచ్చే 7805 రెగ్యులేటర్, ఇవన్నీ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. ఆ వీధికి భాగాల కోసం వెళ్లండి, ఈ రిపేర్ కోసం కాదు.

మూడు వోల్టేజీలూ సరిగ్గా వచ్చాకే మెమరీ చిప్ మీదికి వెళ్లాలి. 4116లు ఇప్పుడెవరూ తయారు చేయరు. పాత స్టాకు దొరుకుతుంది, కానీ పేరు చెరిపి కొత్తగా ముద్ర కొట్టిన నకిలీలు కూడా అంతే దొరుకుతాయి. చిప్ మీద ఐపీఏతో గట్టిగా తుడిస్తే అక్షరాలు చెరిగిపోయేవి అనుమానించండి. ‘4164 వేస్తే సరిపోతుంది’ అని కొందరంటారు. దాని కాళ్ల లెక్క వేరు: 4116లో 12 వోల్టులు వచ్చే 8వ కాలికే 4164లో 5 వోల్టులు వెళ్లాలి. వైరింగ్ మార్చకుండా గుచ్చితే పెట్టగానే పోతుంది. నా సలహా, ఎనిమిది చిప్పులకి బదులు ఒకే చిన్న బోర్డుగా ఇప్పుడు వస్తున్న మెమరీ మాడ్యూల్ తెప్పించుకోండి. దానికి ఆ మూడు రకాల కరెంటు గొడవ కూడా ఉండదు.

చిప్ తీయడంలోనే ఎక్కువ బోర్డులు పాడవుతాయి. కాళ్లన్నీ ఒకేసారి వేడిచేసి లాగితే బోర్డు మీది రాగి పొర చిప్‌తో పాటు లేచి వస్తుంది. చిప్ ఎలాగూ చచ్చిందే కదా, మొహమాటపడకుండా సన్నటి కట్టర్‌తో దాని కాళ్లు కత్తిరించేయండి. తర్వాత ఒక్కో కాలినీ వేడిచేసి పట్టకారుతో తీసేసి, రంధ్రాన్ని కరిగిన టంకం పీల్చే సక్కర్‌తో శుభ్రం చేసి, సాకెట్ వేయండి. పాత 60-40 (60 శాతం తగరం, 40 శాతం సీసం) టంకం వాడండి, సీసం లేని కొత్త టంకానికి ఎక్కువ వేడి కావాలి, పాత బోర్డులు దానికి ఓర్చవు.

మెమరీ కూడా సరిపోయి, యంత్రం ఇంకా లేవకపోతే అప్పుడే జెడ్80 ప్రాసెసర్ వంక చూడాలి. దానికైనా 11వ కాలికి 5 వోల్టులు, 29కి గ్రౌండ్ ఉన్నాయా, 26వ కాలు అంటే రీసెట్, ఆన్ చేశాక పైకి లేచి 5 దగ్గర నిలబడుతోందా చూసుకోండి. రీసెట్ దగ్గరి చిన్న కెపాసిటర్ లీకయితే ఆ కాలు కిందే ఉండిపోతుంది, ప్రాసెసర్ నిద్ర లేవదు, అందరూ ‘జెడ్80 పోయింది’ అంటారు. 1976లో వచ్చిన ఆ చిప్‌ని జైలాగ్ 2024 దాకా చేస్తూనే ఉంది. ఆ ఏడాది జూన్‌తో ఆర్డర్లు ఆపేశారు. కాబట్టి అది నిజంగానే పోయినా కొరత లేదు.

అంతా బాగై ‘© 1982’ అనే లైను కనిపిస్తే, మిగతా 32కే కూడా బతికుందో లేదో ఒక లెక్క వేయించి చూడండి: 23733 అడ్రస్‌లో ఉన్న సంఖ్యని పీక్ (PEEK అనే బేసిక్ ఆదేశం)తో చదివి 256తో గుణించి, 23732లోని సంఖ్య కలపాలి. 65535 వస్తే మొత్తం 48కే ఉన్నట్టు. 32767 వస్తే పై మెమరీ పనిచేయడం లేదు, యంత్రం 16కేగా నడుస్తోంది. అలా కూడా బోలెడు ఆటలు ఆడుకోవచ్చు, తొందర లేదు.

కీబోర్డు గురించి ఆశ పెట్టుకోకండి. కీల కింద పలుచటి ప్లాస్టిక్ మెంబ్రేన్ ఉంటుంది, బోర్డులోకి వెళ్లే దాని తోకలు ఇన్నేళ్లకి అప్పడంలా పెళుసెక్కి ఉంటాయి. మూత విప్పేటప్పుడు లాగితే అక్కడికక్కడే విరుగుతాయి. విరిగితే కొత్త మెంబ్రేన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, విదేశాలనుంచి తెప్పించుకోవాలి. ఒకే వరసలోని కీలన్నీ పనిచేయకపోతే తప్పు కీలది కాదు, తోకది.

టీవీ విషయం. స్పెక్ట్రమ్ సిగ్నల్ యూహెచ్ఎఫ్ 36వ ఛానెల్‌లో వస్తుంది. ఇప్పటి టీవీల్లో అనలాగ్ సెర్చ్ ఉంటే దొరుకుతుంది, బొమ్మ మసకగా ఉంటుంది. దానికంటే మంచిది, మాడ్యులేటర్ (బొమ్మని టీవీ ఛానెల్‌గా మార్చేది) డబ్బాలోకి వెళ్లే వీడియో వైరుని లోపలి సర్క్యూట్‌నుంచి విడదీసి నేరుగా సాకెట్ మధ్య పిన్నుకి కలపడం. అప్పుడు టీవీలో పసుపు రంగు ఏవీ సాకెట్‌కి పెట్టుకోవచ్చు. ఇక ఆటలు లోడ్ చేయడానికి పాత టేపు రికార్డర్ కోసం వెతకక్కర్లేదు. ఫోన్‌లో ఆడియో ఫైలు పెట్టి, సౌండు నిండా పెంచి, ఇయర్ సాకెట్‌కి మోనో కేబుల్‌తో కలిపితే చాలు. మీ నాన్నగారి పాత క్యాసెట్లలో ఆయన రాసిన ప్రోగ్రాములేమైనా ఉంటే మాత్రం టేపు రికార్డర్ కావాలి. దాని బెల్టు మార్చి, హెడ్ తుడిచి, ముందు వాటిని కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి. ఈ మొత్తం వ్యవహారంలో మళ్లీ దొరకనివి అవొక్కటే.

టీవీ గేమ్‌కి ఇంత కథ లేదు. అది జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్‌కి నకలు. లోపల ప్రాసెసర్, వీడియో అన్నీ కలిపి నల్లటి లక్కముద్దలాంటి దాని కింద ఉంటాయి. ఆ ముద్ద పోతే బాగుచేయలేం, నిజమే. కానీ నల్లతెరకి ముందు మూడు కారణాలు చూడాలి: అడాప్టర్, ఆన్ స్విచ్, క్యాసెట్ కాంటాక్టులు. 7805 రెగ్యులేటర్ చివరి కాలి మీద 5 వోల్టులు వస్తున్నాయా చూడండి, రాకపోతే మొదటి కాలికి 8 వోల్టులైనా అందుతున్నాయా చూడండి. జరిపే స్విచ్ లోపల చిలుము పట్టి ఉంటుంది, కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి పదిసార్లు అటూ ఇటూ జరపండి. క్యాసెట్ అంచున బంగారు రంగు పట్టీలని ఐపీఏ తడిపిన దూదిపుల్లతో తుడవండి, దూదికి నలుపు అంటడం ఆగేదాకా. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం అందరికీ అలవాటే, అది పైపూతని కూడా తీసేస్తుంది, మొండిమచ్చ ఉంటే తప్ప వద్దు. క్యాసెట్‌లోకి ఊదడం చిన్నప్పటినుంచి మనందరం చేశాం. ఊదితే వెళ్లేది గాలి కాదు, ఉమ్మి తడి. చిలుము పట్టేది దానివల్లే. ఆట లేచిందంటే ఊదినందుకు కాదు, తీసి మళ్లీ గుచ్చినందుకు. తుపాకీ కూడా ఉంటే దాన్ని రిపేరుకివ్వకండి. అది పిక్చర్ ట్యూబ్ టీవీ మీదే పనిచేస్తుంది, ఎల్ఈడీ టీవీ మీద ఎంత బాగున్న తుపాకీ అయినా పేలదు.

ప్రింటర్‌తో నాకు ఎక్కువ ఆశ ఉంది, ఎందుకంటే డాట్ మ్యాట్రిక్స్ ఇంకా చావలేదు. లారీ ఆఫీసుల్లో, మందుల షాపుల్లో, కార్బన్ కాపీ కావాల్సిన ప్రతిచోటా ఇప్పటికీ కీచుమంటూనే ఉంది. ఎల్ఎక్స్-300కి వచ్చే రిబ్బనే మీ 800కి కూడా సరిపోతుంది, స్టేషనరీ షాపులో దొరుకుతుంది.

అక్షరాలకి అడ్డంగా తెల్లగీత అంటే తొమ్మిది సూదుల్లో ఒకటి కాగితాన్ని కొట్టడం లేదు. ముందు సెల్ఫ్ టెస్ట్ తీయండి: లైన్ ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే డ్రాఫ్ట్‌లో (వేగంగా, ముతక అక్షరాలతో), ఫామ్ ఫీడ్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే మంచి అక్షరాలతో కొడుతుంది. కంప్యూటర్ కలిపి ఉండక్కర్లేదు. డ్రాఫ్ట్‌లో గీత ఎన్నో వరసలో ఉందో పైనుంచి లెక్కపెట్టండి, అదే ఆ సూది నంబరు. ఇంకో సంగతి గమనించండి. గీత కాగితం వెడల్పంతా ఒకేలా ఉందా, లేక ఒక వైపు ఉండి ఇంకో వైపు మాయమవుతోందా? ఒకేలా ఉంటే తప్పు హెడ్‌లోనో దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌లోనో ఉంది. ఒక వైపే వస్తే, హెడ్‌తో పాటు అటూ ఇటూ మడతపడే పట్టీ కేబుల్ లోపల తీగ తెగి, ఒక వంపులో అతుక్కుని ఇంకో వంపులో విడిపోతోంది. ఆ కేబుల్ మారిస్తే పని అయిపోతుంది. ఇది గమనించకుండా హెడ్ కొనేవాళ్లు చాలామంది.

గీత ఒకేలా ఉంటే హెడ్ ఊడదీయండి. ప్రింట్ కొట్టిన వెంటనే ముట్టుకోవద్దు, వేలు కాలుతుంది. చాలాసార్లు సూది విరగదు, ఎండిన సిరాకి అతుక్కుపోతుంది. లోతులేని మూతలో ఐపీఏ పోసి, సూదుల కొసలు మాత్రం మునిగేలా రాత్రంతా నిలబెట్టండి. కాయిల్స్ ఉన్న వెనకభాగం తడవకూడదు. పొద్దున మెత్తటి గుడ్డ మీద ఒత్తి, ఆరాక పెట్టి చూడండి. రాకపోతే మీటర్ తీయండి. కేబుల్ విప్పి, ఉమ్మడి కాలికీ ఒక్కో సూది కాయిల్‌కీ మధ్య ఓమ్‌లు కొలవండి. తొమ్మిదీ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి అసలు చూపకపోతే కాయిల్ తెగింది. ఒకటి మిగతా వాటికంటే బాగా తక్కువ చూపితే లోపల షార్ట్ అయింది, అప్పుడు తొందరపడి కొత్త హెడ్ పెట్టకండి. షార్ట్ అయిన కాయిల్ తన డ్రైవర్ ట్రాన్సిస్టర్‌ని కూడా కాల్చి ఉండొచ్చు. ఆ కాలిన ట్రాన్సిస్టర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండిపోయి కొత్త హెడ్‌లోని అదే కాయిల్‌ని నిమిషాల్లో కాల్చేస్తుంది. ముందు ట్రాన్సిస్టర్ కొలవాలి, తర్వాతే హెడ్.

రిబ్బన్‌కి రబ్బరు స్టాంపు సిరా పోసి తడిపే అలవాటు మన కొట్లలో ఉండేది. మీ నాన్నగారి కొట్లో కూడా ఉండే ఉంటుంది. రిబ్బన్ సిరాలో నూనె ఉంటుంది, సూదులు జారడానికి అదే ఆధారం. స్టాంపు సిరా సూదుల మధ్య ఎండి గట్టిపడుతుంది. మీ తెల్లగీతకి కారణం అదే కావచ్చు. హెడ్ నడిచే ఇనుపకడ్డీ మీద పాత నూనె జిగురయి ఉంటే తుడిచేసి, పలుచటి మిషన్ నూనె ఒక్క చుక్క, అంతకు మించొద్దు.

ఈ ప్రింటర్‌ని ఇప్పటి కంప్యూటర్‌కి కలపాలంటే యూఎస్‌బీ నుంచి 36 పిన్నుల సెంట్రానిక్స్‌కి (ప్రింటర్ వెనకున్న సాకెట్ రకం) మార్చే కేబుల్ తీసుకోండి. విండోస్‌లో ‘జెనరిక్, టెక్స్ట్ ఓన్లీ’ ప్రింటర్‌గా పెట్టుకుంటే అక్షరాలు వచ్చేస్తాయి. చెత్త అక్షరాలు వస్తుంటే లైన్ ఫీడ్, ఫామ్ ఫీడ్ రెండూ కలిపి పట్టుకుని ఆన్ చేయండి. అప్పుడు ప్రింటర్ తనకి అందిన ప్రతి బైటునీ అంకెల్లో కొట్టి చూపిస్తుంది. తప్పు కేబుల్‌దో ప్రింటర్‌దో అక్కడే తేలిపోతుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ ఈ ప్రశ్న చదివేవాళ్లలో కొందరి ఇళ్లలో ఉండొచ్చు. 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ చదువు పథకం కింద బడులకి ఇచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు వేలంలో కొన్నవాళ్లున్నారు. వాటి పవర్ సప్లైలో పసుపు రంగు పారదర్శకంగా కనిపించే రిఫా కెపాసిటర్లు ఉంటాయి. పగుళ్లు పడి, తేమ పీల్చి, ఆన్ చేసిన కాసేపటికి దట్టంగా కంపుపొగ వదులుతాయి. ఆన్ చేయకముందే మార్చేయండి, మార్చేటప్పుడు ఎక్స్2 రకమే (మెయిన్స్‌కి నేరుగా కలిపేందుకు చేసిన భద్రమైన రకం) వేయాలి. అలాగే 386, 486 మదర్‌బోర్డుల మీద పీపా ఆకారపు 3.6 వోల్టుల బ్యాటరీ ఉంటే ఇవాళే కత్తిరించి పడేయండి. అది కారిన చోట వెనిగర్‌తో తుడిచి, నీళ్లతో, తర్వాత ఐపీఏతో కడగండి.

బాగయ్యాక దాచేటప్పుడు కలరా ఉండలు వేయకండి. పురుగులు రావేమో గానీ ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, అటక మీద మాత్రం వద్దు. ప్లాస్టిక్ పచ్చబడిందని పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టడం ఇప్పుడు ఫ్యాషన్. పని చేసే యంత్రానికి ఆ పసుపు వల్ల నష్టమేమీ లేదు, నేనైతే ముట్టుకోను.

మీరు ముందు చేయాల్సింది స్పెక్ట్రమ్ 4116 మీద ఆ మూడు కాళ్ల ఓమ్‌లు, ప్రింటర్ డ్రాఫ్ట్ టెస్ట్ కాగితం. చారల ఫొటో ఉంటే ఇంకా మంచిది. ఆ అంకెలు ఇక్కడ రాయండి, టీఆర్4 మార్చాలో నేరుగా మెమరీకి వెళ్లాలో అవి చూసి చెబుతాను.